ముప్ఫై రెండో కిలోమీటరు దగ్గర, ఎడమ వైపు

అటక మీది సామాను సర్దుతుంటే ఒక పాత సంచి కింద పడింది. జిప్పు తీయగానే నొప్పుల మందు వాసన గుప్పుమంది. మారథాన్ పరిగెత్తిన వాళ్లెవరికైనా ఆ వాసన చిరపరిచితమే. తెల్లవారకముందే స్టార్టింగ్ గీత వెనుక వేలమంది ఒకరినొకరు ఆనుకుని నిలబడి, పిక్కలకూ మోకాళ్లకూ మందు రాసుకుంటుంటే గాలి మొత్తం అదే వాసనతో నిండిపోయి కళ్లు సన్నగా మండుతాయి. సంచిలో నా పాత బిబ్‌లు, అంటే పరుగు రోజు ఛాతీ మీద గుచ్చుకునే నెంబరు కాగితాలు, మడతలు పడి ఉన్నాయి, వాటి మూలల్లో పిన్నీసుల తుప్పు మరకలున్నాయి. ఏ నెంబరు ఏ ఏటిదో చెప్పమంటే చెప్పలేను, ఏ పరుగు ఎన్ని గంటల్లో ముగించానో అంతకంటే చెప్పలేను. కానీ ఆ బిబ్ పెట్టుకున్న రోజు మావాళ్లు ఏ మలుపు దగ్గర, ఏ వైపున, ఎలాంటి ముఖాలతో నిలబడి ఉన్నారో అడిగితే మాత్రం ఒక్కొక్కటీ చెప్పగలను.

మొదట్లో నేను ఒక్కదాన్నే వెళ్లి పరిగెత్తి వచ్చేదాన్ని. ఇంట్లో ఎవరికీ దాని మీద అభ్యంతరమూ లేదు, ఆసక్తీ లేదు. ఒకసారి కుంటుకుంటూ మెట్లెక్కుతున్న నన్ను చూసి మా అత్తయ్య, "ఇంతకీ ఎవరు గెలిచారమ్మా?" అని అడిగారు. నాకు తెలియదని చెప్పాను. గెలిచినాయన గీత దాటేసరికి నేనింకా సగం దూరమైనా పూర్తి చేయలేదనీ, నా వెనకాల కూడా వేలమంది వస్తూనే ఉన్నారనీ వివరించాను. ఆవిడ కాసేపు ఆలోచించారు. "పందెం అయిపోయాక కూడా అంతమంది పరిగెడుతూనే ఉంటారన్నమాట. అదేదో నేను చూడాలి" అన్నారు. మా ఇంటిల్లిపాదీ రోడ్డెక్కడం అలా మొదలైంది.

ఆవిడ వస్తానన్నాక మా వారూ, చిన్నపిల్లవాడైన మా అబ్బాయీ రాక తప్పలేదు. మా వారికి ఏ పనైనా లెక్కతోనే మొదలవుతుంది. పరుగుకు ముందు రాత్రి నగరం మ్యాపును నేల మీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, దారి పొడవునా ఒక దారాన్ని వంపులు తిప్పుతూ అమర్చి, ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లో స్కేలుతో కొలిచేవారు. నాలుగున్నర గంటల్లో పూర్తి చేయాలనుకునే మనిషికి కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు పడుతుంది. ఆ లెక్కన పదో కిలోమీటరుకు ఒక గంటా నాలుగు నిమిషాలు, సగం దూరానికి రెండుంపావు గంటలు, ముప్ఫై రెండుకు దాదాపు మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఈ అంకెలన్నీ పెన్సిలుతో ఒక కాగితం మీద రాసి, పక్కన మరో గడి ఖాళీగా వదిలి, నేను నిజంగా ఎప్పుడు వచ్చానో రాసే బాధ్యత అత్తయ్యకు అప్పగించారు. ఆవిడ ఆ పని ఎంత నిష్ఠగా చేసేవారంటే, నేను కనిపించగానే ముందు గడియారం చూసేవారు, ఆ తర్వాతే నన్ను చూసేవారు.

కొలత తేలికే, అసలు గొడవ వైపు దగ్గర వచ్చేది. ఎడమ వైపు నిలబడతామంటే నాకు ఎడమా, వాళ్లకు ఎడమా? రోడ్డు మధ్యలో వేలమంది పారుతున్నప్పుడు అవతలి అంచున ఉన్న మనిషిని ఈ అంచు నుంచి పోల్చుకోవడం దాదాపు అసాధ్యం. పరిగెత్తేవాళ్ల ఎడమే లెక్క అని చివరికి తేల్చుకున్నాం. నీళ్ల టేబుళ్లకు దగ్గరలో నిలబడకూడదనేది మరో నియమం, ఎందుకంటే అక్కడ నా చూపు గ్లాసుల మీదే ఉంటుంది తప్ప మనుషుల మీద ఉండదు. జనం పలచగా ఉన్న చోటే నిలబడాలనేది ఇంకొకటి. చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది స్టార్టింగ్ దగ్గరికో ఫినిషింగ్ దగ్గరికో వెళ్తారు. నిజానికి ఆ రెండు చోట్లా పరిగెత్తేవాళ్లకు ఎవరి అవసరమూ ఉండదు, కాళ్లు వాటంతటవే కదులుతాయి.

వాళ్లు వచ్చిన మొదటిసారి పదో కిలోమీటరు దగ్గర నాకెవరూ కనిపించలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే తర్వాత చాలాసేపు నేను పరిగెత్తలేదు, వెతికాను. ప్రతి ఆకుపచ్చ చీరా అత్తయ్యదే అనిపించేది, భుజాల మీద కూర్చున్న ప్రతి పిల్లవాడూ మావాడే అనిపించేవాడు. మెడ అదే పనిగా ఎడమకు తిరిగి ఉండటంతో నడక తప్పి, ముందున్నాయన మడమను ఒకసారి తొక్కేశాను కూడా. సగం దూరం దాటాక ఒక చెట్టు కింద వాళ్లు కనబడ్డారు. ముగ్గురి ముఖాలూ పాలిపోయి ఉన్నాయి. అక్కడ ఆగి మాట్లాడే వీలు లేదు కనుక వాళ్ల వైపు కథ నాకు సాయంత్రం ఇంటికి వచ్చాకే తెలిసింది. వాళ్లు పదో కిలోమీటరుకు లెక్క ప్రకారమే వచ్చి, చెప్పిన సమయం తర్వాత చాలాసేపు నిలబడి, నేను ముందే దాటిపోయి ఉంటానని మా వారూ, ఎక్కడో కళ్లు తిరిగి పడిపోయి ఉంటానని అత్తయ్యా వాదించుకుని, చివరికి రెండో చోటికి పరుగున వచ్చారట. వాళ్లు కదిలిన కొద్ది నిమిషాలకే నేను ఆ చోటు దాటి ఉంటాను.

లోపం కాగితంలో లేదు, తుపాకీలో ఉంది. ఆ రోజుల్లో పరుగు లెక్క తుపాకీ పేలిన క్షణం నుంచే మొదలయ్యేది. వెనక వరసల్లో నిలబడినవాళ్లు గుంపులో అడుగులో అడుగు వేసుకుంటూ స్టార్టింగ్ గీత చేరడానికే పది, పదిహేను నిమిషాలు పట్టేది, ఆ నిమిషాలన్నీ మన ఖాతాలోనే పడేవి. బూటు లేసులకు కట్టుకునే చిప్‌లు 1990ల మధ్యలో పెద్ద పరుగుల్లోకి వచ్చాకనే, గీత మీద పరిచిన చాపను మన పాదం దాటిన క్షణం నుంచి మన సమయం మొదలవడం సాధ్యమైంది. అంతకుముందు ఫినిషింగ్ దాటినవాళ్లను తాళ్లు కట్టిన సన్నని దారుల్లోకి పంపి, వచ్చిన వరస చెదరకుండా నిలబెట్టి, బిబ్ కింది భాగంలో చిల్లుల గీత వెంబడి ఉండే ముక్కను చింపి ఒక తీగకు వరసగా గుచ్చేవాళ్లు. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, వణికే కాళ్లతో ఆ వరసలో నిలబడటం మారథాన్‌లో అదనపు కిలోమీటరని అప్పట్లో మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఆ మొదటి అనుభవం తర్వాత అత్తయ్య తనంతట తానే ఒక ఉపాయం కనిపెట్టారు. ఆవిడ గొంతు చిన్నది, పదిమందిలో అరవడానికి మొహమాటం కూడా ఎక్కువే. అందుకని సొట్టలు పడిన ఒక స్టీలు పళ్లెమూ, పొడవాటి గరిటా సంచిలో వేసుకుని వచ్చేవారు. గరిటెతో పళ్లెం అంచు మీద కాకుండా సరిగ్గా మధ్యలో, రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి ఆగి కొట్టేవారు. ఈలలూ చప్పట్లూ బాకాలూ అన్నీ కలిసిన గోలలో కూడా ఆ టకటక్, టక్ నాకు విడిగా వినిపించేది. మలుపు తిరగకముందే మావాళ్లు ఏ వైపున్నారో తెలిసిపోయేది, ఇక వెతుకులాట లేకుండా తిన్నగా ఆ అంచుకు వచ్చేసేదాన్ని. చుట్టుపక్కల వాళ్లు మొదట నవ్వేవారట, తర్వాత కొందరు తమవాళ్ల కోసం కూడా కాస్త కొట్టమని అడిగేవారట. ఎవరి కోసమైతే కొట్టాలో వాళ్ల పేరు అడిగి తెలుసుకోనిదే ఆవిడ పళ్లెం ముట్టుకునేవారు కాదని మా వారు చెబుతుంటారు.

అలా అంచుకు రావడం దూరం లెక్కన చూస్తే నష్టమే. మారథాన్ దారిని సైకిల్ చక్రానికి బిగించిన లెక్కింపు పరికరంతో, ప్రతి మలుపులోనూ లోపలి అంచు పట్టుకుని, వీలైనంత తక్కువ దూరం వచ్చేలా కొలుస్తారు. పొరపాటున కూడా తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. ఆ గీత వదిలి రోడ్డుకు అడ్డంగా వెళ్లి, మనవాళ్ల చేతులు తాకి, మళ్లీ మధ్యకు వచ్చినవాళ్లు 42.195 కిలోమీటర్ల కంటే ఎక్కువే పరిగెత్తుతారు. నేను ప్రతిసారీ ఎక్కువే పరిగెత్తాను.

ఈ 195 మీటర్ల తోక ఎందుకని అత్తయ్యకు మొదటి నుంచీ అనుమానం. 1896లో ఏథెన్స్‌లో స్పిరిడాన్ లూయిస్ గెలిచినప్పుడు పరుగు దాదాపు 40 కిలోమీటర్లే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించడంతో ఆ దూరం వచ్చింది, 1921లో అదే స్థిరపడింది. ఇదంతా మా వారు చదివి వినిపిస్తే ఆవిడకు రాజుగారి సంగతి పట్టలేదు గానీ, అదే పరుగులో ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి స్టేడియంలోకి ముందుగా వచ్చి, దిక్కు తప్పి, పదేపదే కూలిపోతుంటే అక్కడున్న అధికారులు లేపి గీత దాటించడమూ, ఆ సాయం వల్లే అతని గెలుపు రద్దయి బంగారు పతకం అమెరికాకు చెందిన జానీ హేస్‌కు వెళ్లడమూ మనసులో నాటుకుపోయాయి. అప్పటినుంచి నా చెయ్యి తాకడానికి కూడా భయపడేవారు. మావాడు చెయ్యి చాపితే, "ఒరేయ్, ముట్టుకోకు, అమ్మను తీసేస్తారు!" అని వాణ్ని వెనక్కి లాగేవారు. చెయ్యి తాకినంత మాత్రాన ఎవరూ తీసెయ్యరని నచ్చజెప్పడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత కూడా వాడే చెయ్యి కలిపేవాడు తప్ప ఆవిడ పళ్లెం వదిలేవారు కాదు.

ఆవిడకు నేను చెప్పిన మరో కథ కాథరిన్ స్విట్జర్‌ది. 1967లో బోస్టన్ మారథాన్‌లో 261 నెంబరు పెట్టుకుని పరిగెత్తుతున్న ఆమెను, పరుగులోంచి బయటికి పొమ్మంటూ నిర్వాహకుడొకాయన వెంటపడి బిబ్ లాగేయబోయాడు. ఆమె ఆగకుండా పరుగు పూర్తి చేసింది. బోస్టన్‌లో స్త్రీలను అధికారికంగా అనుమతించింది 1972లో. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ ఉండటానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది, ఆ ఏడు లాస్ ఏంజెలెస్‌లో జోన్ బెనోయిట్ గెలిచింది. ఇదంతా విని అత్తయ్య ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాతి పరుగుకు ముందు రాత్రి నా బనియనుకు బిబ్ గుచ్చే పని తానే తీసుకుని, నాలుగు మూలలకూ నాలుగు పిన్నీసులు పెట్టాక, పైన మధ్యలో ఒకటీ కింద మధ్యలో ఒకటీ అదనంగా పెట్టి, రెండు చేతులతో గట్టిగా లాగి చూశారు. "ఎవరు లాగినా ఊడదు" అన్నారు. ఇప్పుడు సంచిలో బయటపడ్డ బిబ్‌లలో చాలావాటికి ఆరేసి చిల్లులున్నాయి.

ఇక ముప్ఫై రెండో కిలోమీటరు గురించి చెప్పాలి. ముప్ఫై దాటాక ఎక్కడో ఒకచోట గోడ తగులుతుందని పరిగెత్తేవాళ్లు అంటారు. కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు రెండు వేల కిలోక్యాలరీల శక్తినిస్తుంది. పరుగుకు ఖర్చయ్యేది కిలో బరువుకు, కిలోమీటరుకు ఇంచుమించు ఒక కిలోక్యాలరీ. కనుక అరవై కిలోల మనిషికి మొత్తం దూరానికి రెండున్నర వేలు కావాలి. కొవ్వు నుంచి కొంత వస్తుంది గానీ అది నిదానంగా వస్తుంది, దారిలో తిన్నదీ తాగినదీ కొంత ఆదుకుంటాయి. సరిపోని చోట కాళ్లు బరువెక్కుతాయి. కాళ్ల సంగతి ఎలా ఉన్నా, నన్ను ఎక్కువగా భయపెట్టింది బుర్ర. చిన్న కూడికలు కూడా చేయలేకపోయేదాన్ని. ఇంకా ఎంత దూరం ఉందో తెలుసుకోవాలని నలభై రెండు లోంచి ముప్ఫై ఒకటి తీసేయడానికి ప్రయత్నించి, జవాబు రాకముందే మరో వంద మీటర్లు గడిచిపోయేవి.

అందుకే మావాళ్ల మూడో మజిలీ అక్కడ పెట్టుకున్నాం. అక్కడ నేను వాళ్లను చూసేది ఎంతసేపనుకున్నారు? నలభై మీటర్ల దూరం నుంచి గుర్తుపడితే పదిహేను సెకన్లు. అంత చిన్న వ్యవధిలో ఏం అనాలో కూడా ఒక విద్యే. దారి పొడవునా జనం ప్రేమగా అనే మాట "ఇంకెంతో లేదు, వచ్చేశారు" అని. పది కిలోమీటర్లు మిగిలి ఉన్నప్పుడు ఆ మాట వింటే ఏడుపొస్తుంది, అనేవాళ్ల మీద కోపం కూడా వస్తుంది. మా వారు అంకెలు అరిచేవారు, "నాలుగు నిమిషాలు వెనకున్నావు, పర్వాలేదు!" అని. మావాడు వాడికి తోచిన విశేషాలు చెప్పేవాడు. ఒకసారి "అమ్మా, నా పన్ను ఊడింది!" అని గుప్పిట తెరిచి చూపించాడు. ఆ తర్వాత రెండు కిలోమీటర్లు నేను కాళ్ల గురించి కాక, ఆ పన్ను ఏ వైపుదై ఉంటుందని ఆలోచిస్తూ పరిగెత్తాను. అత్తయ్య మాత్రం గోడ లాంటి మాటలేవీ తెలియకుండానే నా ముఖం చూసి సరిగ్గా పోల్చుకునేవారు. బాగా ఉంటే పళ్లెం కొట్టేవారు. బాగా లేకపోతే కొట్టడం ఆపి, "నిన్ను చూశానమ్మా" అనేవారు, అంతే. పరిగెత్తమనీ అనేవారు కాదు, ఆగిపొమ్మనీ అనేవారు కాదు.

ఫినిషింగ్ దాటాక మళ్లీ ఒకరికొకరం దొరకడం మరో ప్రయాస. పెద్ద పరుగుల్లో ఇంటివాళ్లు కలుసుకోవడానికి అక్షరాల బోర్డులు నాటిన స్తంభాలు ఉండేవి, ఇంటిపేరు మొదటి అక్షరం కింద నిలబడాలి. సాధారణమైన అక్షరం వాళ్ల కింద జాతరంత జనం ఉండేవారు, మా వారు అందుకని ఎవరూ వాడని అక్షరం ఎంచుకునేవారు. ఆ ఖాళీ స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఎదురుచూసిన గంటలు నాకు చాలా ఇష్టం. మా దగ్గర ఫోన్లు లేవు, వాళ్లు ఎక్కడున్నారో తెలియదు, రావడం మాత్రం ఖాయం. ఫొటోల సంగతి సరేసరి. రీలులో ముప్ఫై ఆరు బొమ్మలు, వాటిని కడిగించి తెచ్చేదాకా ఏం పడ్డాయో ఎవరికీ తెలియదు. చాలావాటిలో నా మోచేయో, నా ముందు పరిగెత్తిన అపరిచితుడి పూర్తి రూపమో ఉండేది. మా ఆల్బమ్‌లో ఇప్పటికీ ఎవరో తెలియని ఒక బట్టతల పెద్దమనిషి నాలుగు పేజీలు ఆక్రమించి ఉన్నాడు.

తర్వాత కాలం మారింది. ఉపగ్రహాలను చూసి దూరం చెప్పే గడియారాలు 2003 ప్రాంతంలో పరిగెత్తేవాళ్ల చేతులకు వచ్చాయి, మా వారి దారం మూలపడింది. ఆ పైన చాపలు దాటిన సమయాలు ఫోన్లకు రావడం, మ్యాపు మీద మనిషి చుక్కై కదలడం మొదలయ్యాయి. సౌకర్యమే, కాదనను. దారి మధ్యలో పడిపోయానేమోనని ఎవరి ముఖమూ పాలిపోనక్కర్లేదు. కానీ చుక్కను చూస్తూ నిలబడ్డవాళ్లు తల వంచుకునే ఉంటారు, ఆ చుక్కకు సొంతదారు తల ఎత్తి వాళ్ల కోసం చూస్తూ ఎదురుగానే దాటిపోవడం నేను చాలాసార్లు చూశాను. వెనకటి ఆదుర్దా పోయింది సరే, దాంతోపాటు రోడ్డు మలుపు మీద కళ్లు పెట్టి నిలబడే అలవాటు కూడా పోయింది. ఇందులో లాభం ఎక్కువా, నష్టం ఎక్కువా అంటే నేను నష్టం వైపే మొగ్గుతాను.

2019 అక్టోబరులో వియన్నాలో ఎలియుడ్ కిప్చోగే 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ఆ దూరం పూర్తి చేయడాన్ని అత్తయ్యా నేనూ పక్కపక్కన కూర్చుని టీవీలో చూశాం. అప్పటికి ఆవిడకు బయటికి వచ్చి నిలబడే ఓపిక తగ్గింది. వేగం తగ్గకుండా ఆయనతోపాటు వంతులవారీగా పరిగెత్తే పేసర్లూ, దారి చూపే కారూ ఉండటంతో అది రికార్డుగా లెక్కకు రాదని నేను చెబుతుంటే ఆవిడ వినడం లేదు. ఆయన గీత దాటి భార్యను కౌగిలించుకోవడం చూస్తున్నారు. ఆయన పరుగును భార్యాపిల్లలు నేరుగా చూడటం అదే మొదటిసారని వార్తల్లో చెప్పినప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, "అంత పరిగెత్తేవాడికి ఇన్నాళ్లూ రోడ్డు పక్కన ఇంటివాళ్లెవరూ లేరా?" అన్నారు. మారథాన్ దూరాన్ని అప్పటికి అందరికంటే వేగంగా పరిగెత్తిన మనిషి మీద ఆవిడకు కలిగింది జాలి.

అత్తయ్య ఇప్పుడు లేరు. నా మోకాళ్లు కూడా అంత దూరానికి ఒప్పుకోవడం లేదు. పన్ను చూపించిన మావాడు మాత్రం ఆ పనిలో పడ్డాడు. వాడి మొదటి మారథాన్‌కు మా వారూ నేనూ వెళ్లాం, నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పరిగెత్తే కాళ్లకు కదలిక ఉంటుంది, నిలబడ్డ కాళ్లు మాత్రం ఉన్నచోటే వాచిపోతాయి. ఒక చోటి నుంచి మరో చోటికి చేరడానికి రైలు ఎక్కి దిగి, మెట్లెక్కి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, వాడు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడని గుండె దడదడలాడుతుంటే మళ్లీ మెడ చాచి నిలబడాలి. ఇదంతా ఆవిడ డెబ్బై దాటిన వయసులో చేశారు.

ముప్ఫై రెండు దగ్గర నేను ఫోను మా వారి జేబులో పెట్టించేశాను. ఎండ సూటిగా కళ్లలో పడుతుంటే అరచేయి అడ్డం పెట్టుకుని మలుపు వైపు చూస్తున్నాను. వాడు రావడం నేనే ముందు చూశాను. అరవాలనుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి, మా వారు మాత్రం యథాప్రకారం అంకె చెప్పారు. వాడు వేగం తగ్గించకుండానే నా చెయ్యి తాకి, "అమ్మా, ఎండలో నిలబడ్డారేంటి? తర్వాతి చోట కుడి వైపుకు మారండి, అక్కడ నీడ ఉంటుంది!" అని అరుస్తూ వెళ్లిపోయాడు.

ఎవరి కుడి అన్నది చెప్పలేదు. అవతలి వైపుకు దాటాలంటే పరిగెత్తేవాళ్ల మధ్య సందు దొరకాలి, అది దొరికేదాకా మా వారు వాడి కుడి అనీ, నేను మన కుడి అనీ వాదించుకుంటూనే ఉన్నాం.